గంగరాజును నేను క్షమించిన సంగతి

కళింగపట్నం,
18 జనవరి 2017

మావకు,

ప్రభువు పేరున వందనాలు. ఇక్కడ నేను, మన అమ్మాయి యమున ఒంట్లో బాగానే ఉన్నాం. గుజరాత్ పోయాక వెరావల్ రేవులో నీకు పట్టిన జ్వరం పూర్తిగా తగ్గే ఉంటుందనుకుంటున్నాను. కప్పు మీద రేకు సంగతి అడిగావు. వేయించాను, కారడం లేదు. యమునకు నరసన్నపేట కాలేజీలో పరీక్షలు దగ్గర పడ్డాయి. మీ అమ్మ మోకాళ్ల నొప్పులని పొద్దస్తమానం నన్ను తిడుతూనే ఉంది, అంటే ఆమెకూ బాగానే ఉన్నట్టు.

ఫోన్‌లో చెప్పలేక ఉత్తరం రాశానన్నావు. నేనూ అందుకే రాస్తున్నాను. మన ఊరు విడిచిపోయిన గంగరాజు వచ్చి నీ బోటులోనే చేరాడని, వల లాగేటప్పుడు నీ పక్కనే నిలబడుతున్నాడని ఉన్న ముక్క మళ్లీ మళ్లీ చదివాను. "ఒక్క తోపు తోస్తే సాలు, మన దేవేంద్ర పోయిన కాడికే ఈడూ పోతాడు" అని రాశావు. పరలోక ప్రార్థనలో, మాకు తప్పు చేసినవారిని మేము మన్నించినట్టు అనే ముక్క దగ్గర నువ్వు ఆగిపోతున్నావని, నేనెలా మన్నించానో నేర్పమని అడిగావు.

నేర్పేపాటి దాన్ని కాదు మావా. నేనూ ఆ ముక్క దగ్గరే ఆగిపోతాను. అక్కడికి రాగానే మన పిల్లాడి గొంతు వినబడుతుంది. "అమ్మా, ఎటే?" అంటాడు. పడవ తిరగబడే ముందు మంచులో దారి తెలియక వాడు అలాగే అరిచాడని, బతికి ఒడ్డెక్కిన జగన్నాధం చెప్పాడు కదా. మంచు పట్టిన ప్రతి పొద్దునా, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కంచు పళ్లెం చప్పుడు కూడా వినబడుతుంది. వెళ్లి చూస్తే ఎవరూ ఉండరు. యమునకు వినబడదు. నాకు పిచ్చి పట్టిందనుకున్నాను. పిచ్చయినా బాగుండేది!

మంచు రోజున నది మొగ దగ్గర ఒకరు నిలబడి పళ్లెం కొట్టాలి, ఆ చప్పుడు పట్టుకుని పడవలు ఇసుక మేట తప్పించుకుని లోపలికి రావాలి. ఆ రోజు వంతు గంగరాజుది. వదిలేసి టీకి పోయాడని నీకు చెప్పాం. పోయిన మాట నిజం. పొమ్మన్నది నేను.

"ఒరే గంగరాజూ, సలికి కొయ్యయిపోనావు. ఇలాగియ్యి. నా కొడుకు వత్తన్నాడు, నాను కొడతాను. ఎల్లి టీ తాగిరా" అని పళ్లెం అందుకున్నాను. కాసేపు కొట్టాను. అంతలో చర్చి గంట మోగింది. క్రిస్మస్ వారం కదా, ఆ పొద్దున ప్రార్థన చెప్పించే వంతు మొదటిసారి నాకు వచ్చింది. పడవలు ఇంకా దూరంలోనే ఉంటాయి, అయిదు నిమిషాలే కదా అనుకుని పళ్లెం ఇసుకలో పెట్టి పరుగెత్తాను. పరలోక ప్రార్థన గబగబా అప్పజెప్పాను. ఒక్క మాటా మనసులోకి పోలేదు. అందరూ నా వెనక చెబుతుంటే మురిసిపోయాను కూడా. ఆమేన్ అనేసరికి ఒడ్డున కేకలు.

గంగరాజు నా కోసం కూడా గ్లాసులో టీ తెచ్చాడు. పెద్దలు నిలదీస్తే "దాలమ్మక్క పుచ్చుకున్నాది, నన్నెల్లమన్నాది" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. దేవేంద్ర ఇంకా ఇసుకలోనే ఉన్నాడు, ఎవరో తువ్వాలు కప్పారు.

"నానెప్పుడు పుచ్చుకున్నానురా?" అన్నాను.

అంతే మావా. కొడుకు పోయిన తల్లి మాట ఎవరు కాదంటారు? ఆ తర్వాత ఏ పడవా అతన్ని ఎక్కించుకోలేదు. పెళ్లాం జగ్గమ్మనూ పిల్లల్నీ తీసుకుని ఊరు విడిచిపోయాడు. అతను పోయాక ఒక ఆదివారం నేను సంఘంలో లేచి, గంగరాజును క్షమించానని చెప్పాను. అందరూ ఏడ్చారు. పాస్టరు గారు ఇప్పటికీ నన్ను చూపించి వాక్యం చెబుతారు. సిగ్గు లేకుండా తల వంచుకుని వింటాను.

నీ ఉత్తరం వచ్చాక ఆ ప్రార్థన ఒక్కో మాటే నిదానంగా చెప్పి చూశాను. నేను మన్నించినట్టే నన్నూ మన్నించమని మూడేళ్లుగా దేవుణ్ణి అడుగుతున్నానన్నమాట. నేను మన్నించింది ఎలా? ఏ తప్పూ లేనివాడిని పదిమందిలో మన్నించి, ఊళ్లో నిలువ నీడ లేకుండా చేశాను. ఆయన నన్నూ అలాగే మన్నిస్తే నా గతేమిటి? భయమేసి ప్రార్థన సగంలో ఆపి లేచిపోయాను.

జ్వరంలో గంగరాజు తన దుప్పటి నీకు కప్పాడని, గంజి కాచి పోశాడని, "మంచి సేసుకోవాలని సూత్తన్నాడు దొంగ" అని రాశావు. అక్కడైనా అతను జరిగింది నీకు చెప్పుకోవచ్చు. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు.

యమునకు నిన్న చెప్పాను. అది అన్నం ముట్టలేదు, నా ముఖం చూడలేదు. ఈ ఆదివారం సంఘంలో లేచి చెబుతాను. ఇరవై ఎనిమిదిన మళ్లీ వేటకు దిగుతారన్నావు, ఈలోగా నీకు అందాలని స్పీడు పోస్టులో పంపుతున్నాను. దీన్ని గంగరాజుకు చదివి వినిపించు. నన్ను క్షమించమని నిన్ను అడగడం లేదు. ఆ మాట ముందు అతన్ని అడగాలి. నువ్వు మాత్రం అతని మీద చెయ్యి వేయకు. మన పిల్లాడు ఎటే అని అరిచినప్పుడు అక్కడ ఉండాల్సినదాన్ని నేను.

నీ భార్యనని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇట్లు,
దేవేంద్ర తల్లి
దాలమ్మ