పట్టీ కొలత

మా ఇంటి రైలు డ్రైవరమ్మకు,

నేనూ, బుడ్డదీ, కుట్టుమిషనూ ముగ్గురం క్షేమం. మిషను అప్పుడప్పుడు దారం తెంపుతోంది గానీ, మిగతా ఇద్దరం వేళకు తిని పడుకుంటున్నాం. నువ్వు కూడా ఆ ట్రైనింగు హాస్టల్లో తిండి మానకుండా, ఒంట్లో కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోను పెట్టేశాక బుడ్డది ఏడుపు ఆపడం లేదని నేను చెప్పబట్టే కదా మనం ఉత్తరాలకు దిగాం, అందుకని దానికి పైకే చదివి వినిపించాను. అది శ్రద్ధగా విని కవరు మూల నమిలేసింది. దగ్గు ఎలా ఉందని అడిగావు, తగ్గింది. కింద రెండు పళ్ళు కూడా కనిపిస్తున్నాయి. "పాప అంత బెంగ పెట్టుకుంటే ట్రైనింగు వదిలేసి వచ్చేయనా బావా?" అని అడిగావు చూడు, దానికి మాత్రం కొంచెం ఆగి రాస్తాను. ముందు బుడ్డదాని సామాన్లు పెట్టుకునే బ్యాగు సంగతి.

"దర్జీ ఇంట్లో బ్యాగు కొనడమేంటి, నవ్విపోతారు" అన్నావు. నేనూ అలాగే అనుకుని మొదట నా చేత్తోనే కుట్టాను. కోట్లు కుట్టేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? జేబులో ఇంకో జేబు, ప్రతి జేబుకీ మూత, మూతకో బొత్తాం, మురికి కనపడకుండా నల్లటి లైనింగు. గోడకు తగిలించి చూసుకుని నేనే ముచ్చటపడ్డాను. అది భుజాన వేసుకుని టీకాకు ఆసుపత్రికి వెళ్ళాం. మా వంతు రాకముందే బుడ్డది డైపరు నింపేసింది. ఒక చేత్తో దాన్ని ఎత్తుకుని రెండో చేత్తో బొత్తాలు విప్పుతున్నాను, ఆ చీకట్లో ఏది డైపరో ఏది మేజోడో తెలియదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టయింది నా పని. పక్క బెంచీలో ఒకావిడ చూడలేక తన బ్యాగు తెరిచింది.

"ఇటివ్వండన్నయ్యా, నేను మారుస్తాను. వాళ్ళమ్మ రాలేదా?"

"రైలు నడపడం నేర్చుకోవడానికి వెళ్ళింది" అన్నాను.

ఆవిడ నేనేదో హాస్యమాడుతున్నాననుకుని నవ్వింది. తడిసిన బట్టలు నా బ్యాగులోనే పెట్టుకొస్తే లైనింగంతా పీల్చేసుకుంది. ఎన్నిసార్లు ఉతికినా వాసన పోలేదు. ఇప్పుడు దాంట్లో గుడ్డ ముక్కలు వేసుకుంటున్నాను.

ఇక పరువు పక్కన పెట్టి కొనడానికే వెళ్ళాను. "మేడం గారికా?" అంది షాపమ్మాయి. నాకే అన్నాను. బుడ్డదాన్ని ఎడమ చంకనేసుకుని, కుడి చేత్తో ఒక్కో బ్యాగూ తెరిచి చూశాను. రెండో చెయ్యి కావాల్సి వచ్చినవన్నీ వద్దన్నాను. వీపుకు తగిలించుకునేది బాగుంది గానీ, పాలసీసా తీయాలంటే ప్రతిసారీ కిందికి దించాలి. ఇంకొకటి పెళ్ళికూతురిలా ఉంది, కానీ ఖాళీగా ఉన్నప్పుడే బుడ్డదంత బరువు. చివరికి తెచ్చింది బూడిదరంగుది. నోరు వెడల్పుగా తెరుచుకుని అలాగే నిలబడుతుంది. లోపలంతా తెలుపు కాబట్టి ఏది ఎక్కడుందో కనబడుతుంది, మరకైతే తడిబట్టతో తుడిస్తే పోతుంది. వైప్స్‌కు బయట జేబు ఉంది, తడిసిన బట్టలకు నీళ్ళు కారని సంచి వేరే ఇచ్చారు, ఎక్కడైనా పరిచి పడుకోబెట్టడానికి మడత షీటు కూడా ఉంది. పట్టీ అడ్డంగా వేసుకుంటే చేతులు రెండూ ఖాళీ. కుట్లు తిరగేసి చూశాను. నా కుట్టంత బాగున్నాయని చెప్పను గానీ, వంక పెట్టడానికి లేదు.

"పట్టీ మీకు సరిచేసి ఇమ్మంటారా?" అంది ఆ అమ్మాయి. "నేను దర్జీనమ్మా, చూసుకుంటాను" అని జానతో కొలిచి, దర్జాగా బిగించుకుని బయటికొచ్చాను.

మెట్లెక్కుతుంటే కింది వాటా పిన్ని ఆపింది. "అదేంటయ్యా, ఆ బ్యాగు చంకలో ఇరుక్కుంది? బడికెళ్ళే పిల్లాడిలా ఉన్నావు." అద్దంలో చూసుకుంటే నిజమే. పట్టీ నాకు కాదు, నీకు సరిపోయేలా బిగించాను. నీ యూనిఫాం కుట్టిన చేతులు కదా, భుజం నుంచి నడుం దాకా నీ కొలతే వాటికి గుర్తున్నట్టుంది. తప్పు తెలిసీ సరిచేయలేదు. నిన్నటిదాకా అలాగే చంకలో ఇరికించుకుని తిరిగాను.

సాయంత్రాలు కొట్టు కట్టేసి రైలు పట్టాల మీది వంతెన దాకా వెళ్తున్నాం. అక్కడికి వచ్చేవాళ్ళంతా ఇద్దరిద్దరే. ఒకరు బిడ్డను ఎత్తుకుంటే ఇంకొకరు సంచీ పట్టుకుంటారు. బిడ్డా సంచీ రెండూ నా మీదే ఉన్నాయని బాధ లేదు. "ఆ షీటు ఇలా అందుకో" అనడానికి పక్కన మనిషి లేకపోవడమే కష్టంగా ఉంది. ఒక్కోసారి అలవాటుగా అనేసి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూస్తాను. ప్యాంటు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళను కూడా, బొత్తాం ఇంకోసారి చూస్తానుండండి అని వంకపెట్టి కాసేపు కూర్చోబెడుతున్నాను.

సరే, ఆపిన మాటకు వస్తాను. నిన్న పిన్ని బుడ్డదాన్ని ఆడిస్తూ "దీనికేం దిగుల్లేదు, ఇంట్లో ఇంకెవరికో ఉన్నట్టుంది" అంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెంటనే మిషనుకు నూనె పెట్టే పనిలో పడ్డాను. నిజం ఇది. బెంగ పాపకు కాదు. ఫోను పెట్టేశాక అది ఏడవనే లేదు. నీ గొంతు వినబడితే నవ్వేది, ఆగిపోగానే గిలక్కాయ వెతుక్కునేది. ఆ తర్వాత మిషను ముందు కూర్చోలేకపోయింది నేను. అన్నం సహించనిది నాకు. రైలు కూత వినబడితే తల తిప్పి చూస్తోందని రాశానే, అది కూడా నేనే. నువ్వు లేక నాకు ఏమీ తోచడం లేదని రాయడానికి సిగ్గేసి, మాటలు రాని పిల్ల పేరు పెట్టాను. అది కాదనదు కదా. నువ్వు ఆ మాట నమ్మి ఇంజను దిగి వచ్చేస్తానంటావని అనుకోలేదు.

నిన్ను మరిచిపోయిందని భయపడకు. నీ ఫోటో చూపిస్తే రెండు చేతులూ చాస్తుంది. కాకపోతే కడుపు నిండితే నవ్వుతూ ఉంటుంది, అంతే. గుండె గట్టిదనంలో నీ పోలిక.

అందుకని ట్రైనింగు వదలొద్దు. రావద్దని రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. పూర్తి చేసుకునే రా. ఇక నుంచి ఫోను కూడా చెయ్యి. బుడ్డది నవ్వుతుంది. నా గొంతు కాస్త బొంగురుపోతే జలుబనుకో.

ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందే పట్టీ నా కొలతకు వదులు చేశాను. బ్యాగు ఇప్పుడు నడుం దగ్గర సరిగ్గా కూర్చుంది, చెయ్యి హాయిగా ఆడుతోంది. నీ కొలత చెరిగిపోకుండా ఆ చోట ఎర్రదారంతో ఒక కుట్టు వేసి ఉంచాను. నువ్వు వచ్చినరోజు, నేను బుడ్డదాన్ని ఎత్తుకుంటాను, నువ్వు పట్టీ అక్కడిదాకా బిగించుకో.

ఇట్లు,
బెంగ పెట్టుకున్న
నీ బావ