బస్సులో పక్క సీటు

డిసెంబరు, రెండో శుక్రవారం. రిగ్గై.

సువార్త నిద్రపోయింది. తను పనిచేసే ఇంటి యజమానురాలు, తను మామా అని పిలిచే ఆవిడ, రెండు రోజులు సెలవిచ్చింది. నేను పనిచేసే సులైబియా తోట నుంచి వచ్చాను. కువైట్‌లో మూడేళ్ళుగా ఉంటున్నా, మొగుడూ పెళ్ళాం ఒక గదిలో ఉండడం ఇదే మొదలు. గది అద్దెకే పది దీనార్లు పోయాయి కాబట్టి ఊరు చూడడమంతా బస్సులోనే.

ఇక్కడ ఆరాధన శుక్రవారమే; పొద్దున చర్చిలో క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలం మూడో కొవ్వొత్తి వెలిగించారు. ఎప్పటిలాగే తను ఆడవాళ్ళ వైపు, నేను మగవాళ్ళ వైపు. తర్వాత సముద్రం చూద్దామని బస్సెక్కాం. తను ముందు ఆడవాళ్ళ దగ్గర కూర్చుంది. నేను అలవాటుగా వెనక్కి వెళ్ళిపోయాను. నాలుగు స్టాపులు దాటాక తిరిగి చూసింది.

"ఏవండీ, అక్కడ మీ చుట్టాలెవరన్నా ఉన్నారా? ఇక్కడ సీటు ఖాళీయేనండి."

సిగ్గేసింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

సముద్రం గట్టు మీద చలిగాలి. చున్నీ తలకు చుట్టుకుని అడిగింది. "జనవరితో నా కాగితం అయిపోద్దండి. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమంటంది మామా. ఏం చెప్పమంటారు?"

పెట్టకు, ఇద్దరం ఇంటికి వెళ్ళిపోదాం అని చెప్పాలనే వచ్చాను. ఊళ్ళో కడుతున్న ఇంటికి ఇంకా స్లాబు పడలేదని గుర్తొచ్చింది.

"నీ ఇష్టం" అన్నాను. తను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

తిరుగు బస్సులో ముందు ఒక్క సీటే ఖాళీ. తను అందులో కూర్చోలేదు. నా వెనకే వచ్చి, మగవాళ్ళ మధ్య నా పక్కన కూర్చుంది.

రేపు సాయంత్రం తనను మామా ఇంటి దగ్గర దించాలి. సంతకం పెట్టకు, వెళ్ళిపోదాం అన్న మాట ఆ బస్సులోనే చెప్పాలి.