గడియారం తీయని చెయ్యి

ఏలూరు,
18 ఆగస్టు 2006.

అన్నయ్యకు ఇందుజ నమస్కరించి వ్రాయునది.

అమ్మ, నేను కులాసా. వదిన లేచి తిరుగుతోంది. అందరం క్షేమమని రాయడం మన ఇంటి ఆనవాయితీ. ఈసారి ‘అందరం’ అన్న మాట రాయలేకపోతున్నాను.

ఫోనులో, వదిన పక్కనుండగా చెప్పలేనిది ఇందులో రాస్తున్నాను. మండవల్లి నుంచి సత్తిరాజు గారి చేపల లారీ ఈ సాయంత్రమే హౌరాకు బయలుదేరుతుంది. నువ్వు పనిచేసే చేపల మార్కెట్లో పెట్టెలు దించేటప్పుడు ఈ ఉత్తరం నీ చేతికిస్తానన్నారు.

నీ ఉత్తరంలో బాబుది ఎవరి పోలికని అడిగావు. ఏడో నెలలో పుట్టినవాడికి పోలిక ఇంకా రాలేదు. పదకొండు వందల గ్రాములు. నువ్వు రోజూ తూచే బొచ్చె చేపల్లో చిన్నది కూడా అంతకంటే ఎక్కువ తూగుతుంది. పాలు తాగుతున్నాడా అన్నావు. మొన్న ఆదివారం దాకా ముక్కు గొట్టంలోంచి పోసిన మూడేసి మిల్లీలీటర్లు అరిగించుకున్నాడు. సోమవారం ఒళ్లు చల్లబడింది, రంగు మారింది, ఊపిరి తీయడం మధ్యమధ్య మరిచిపోయాడు. రక్తంలోకి సూక్ష్మక్రిములు చేరాయన్నారు. మందు మార్చారు. నిన్న మళ్లీ మార్చారు.

“మన ఇందు ఉందిగా, డాక్టర్లతో వాదించైనా బిడ్డను దక్కించుకొస్తుంది” అని రాశావు. ఆ వాక్యాన్ని రెండోసారి చదవలేకపోయాను.

పురుడైన రోజు అమ్మ బంగారు ఉంగరం తేనెలో ముంచి బాబు నాలుకకు రాయాలంది. శాస్త్రం, పారిశుధ్యం అంటూ అరగంట ఉపన్యసించి ఆపాను. “నీతో నెగ్గేదెవరే తల్లీ!” అంటూ అమ్మ తేనె సీసా సంచిలో పెట్టేసుకుంది.

పోయిన శుక్రవారం తాడేపల్లిగూడెంలో వక్తృత్వ పోటీ ముగించుకుని, బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చాను. బాబును ఉంచిన గది తలుపు దగ్గర నర్సు సలోమి గారు ఆపారు.

“తల్లి తప్ప ఎవరూ రాకూడదండీ. తల్లైనా గాజులూ గడియారం తీసేసి, మోచేతుల దాకా కడుక్కోవాలండీ.”

“డాక్టరు గారు గడియారంతోనే వెళ్లారు కదండీ? క్రిములు హోదా చూస్తాయా?”

“ఆయన్ని నేనెలా అడుగుతానండీ?”

“అయితే ఇది నియమం కాదు, లోకువైనవాళ్ల మీద పెత్తనం.”

ఆమె కళ్లు దించుకున్నారు. “మీతో మాట్లాడలేనమ్మా. ఒక్క నిమిషమేనండీ,” అని, లోపల ఇంకో బిడ్డ ఏడిస్తే అటు వెళ్లారు.

నేను చేతులు కడుక్కోలేదన్నయ్యా. గెలిచాక కడుక్కుంటే ఓడినట్టవుతుందనుకున్నాను. బస్సు కమ్మీ పట్టుకున్న చేతినే, ఆ పోటీలోనే బహుమతిగా వచ్చిన గడియారంతో సహా, అద్దాల పెట్టెలోకి చాచి వాడి పాదం తాకాను.

కొల్లేట్లో మన చేపల చెరువు గట్టు సర్కారువాళ్లు కొట్టేయకపోతే నువ్వు హౌరా వెళ్లేవాడివి కాదు. ఆ తలుపు దగ్గర నువ్వే నిలబడేవాడివి. కడుక్కోమంటే కడుక్కునేవాడివి.

“ఈ క్రిములు సూది నుంచి రావచ్చు, ఎవరి చేతి నుంచైనా రావచ్చు. ఫలానా అని చెప్పలేమమ్మా,” అన్నారు డాక్టరు గారు. ఆ సందేహాన్ని నా పక్షాన నిలబెట్టి గంటసేపు వాదించగలదాన్ని. ఒక్క వాక్యమూ రావడం లేదు.

సలోమి గారు ఎవరికీ చెప్పలేదు. నన్ను చూస్తే తప్పు తనదైనట్టు తల దించుకుంటున్నారు. కడిగి కడిగి వదిన చేతులు పగిలిపోయాయి. పొద్దున, “నువ్వూ ఒకసారి చూసిరా ఇందూ, ఆవిడ నీ మాట కాదనదు,” అంది. తల అడ్డంగా ఊపాను. “భయమా? నీకా?” అని నవ్వబోయింది.

వదినకు ఇంకా చెప్పలేదు.

సెలవు దొరక్కపోయినా బయలుదేరు. ఏం పేరు పెడదామని అడిగావు కదా, అది నువ్వే వచ్చి వాడి చెవిలో చెప్పు. నన్ను ఏమన్నా అను, ఎదురు చెప్పను. లోపలికి వెళ్లే ముందు మాత్రం సలోమి గారు ఏం చేయమంటే అది చెయ్యి. వాదించకు.

ఇట్లు,
నీ చెల్లెలు
ఇందుజ