ప్రార్థన చేయని సగం

ముత్తుకూరు,
జూన్ 9

ప్రియమైన షారనక్కకు,

ప్రభువు నామంలో వందనాలు. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఈ ఇంట్లో ఫోన్‌లో ఏం మాట్లాడినా అమ్మ చెవిన పడుతుంది. ఇది అమ్మ వినకూడని మాట.

బ్యూలా పోయి వచ్చే నెలకు ఏడాది. డెంగీతో నా భార్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. అదే వార్డులో ఎవరూ పట్టించుకోని తాగుబోతు ఒకడు లేచి ఇంటికి నడిచి వెళ్లాడు. పాస్టరునై నేను ప్రతి ఆదివారం నిలబడి, దేవుడు మొర వింటాడని చెబుతున్నాను. నా మాట నాకే ఎక్కడం లేదు.

నువ్వు చెన్నై ఆసుపత్రిలో మందులు పనిచేస్తాయో లేదో తేల్చే ఉద్యోగం చేస్తున్నావు గదా. సగం మందికి మందిచ్చి, సగం మందికి ఉత్త బిళ్లలిచ్చి చూస్తామన్నావు ఒకసారి. ప్రార్థనను అలా చూడొచ్చా? దేవుడి సంగతి మీ సైన్సు తేల్చగలదా? ఎగతాళి చేయకుండా జవాబు రాయి.

అమ్మకు నెల్లూరులో వారానికి రెండుసార్లు డయాలసిస్ మామూలుగానే జరుగుతోంది. కాళ్ల వాపు తగ్గలేదు.

నీ తమ్ముడు,
టైటస్


చెన్నై,
జూన్ 17

ప్రియమైన పాస్టరు గారికి,

ఎగతాళి అంతవరకే. ఒరే టైటస్, చర్చి ఎగ్గొట్టి సినిమాకు పోయే అక్కను దేవుడి గురించి అడిగే పాస్టరు జిల్లా మొత్తానికి నువ్వొక్కడివే ఉంటావు.

మందుకు మోతాదు ఉంటుంది. ఎవరికిచ్చామో, ఎవరికివ్వలేదో రాసుకుంటాం. ప్రార్థనకు మోతాదేది? అయినా అడిగావు గనుక చెబుతాను. చీట్లు తీసి రోగులను రెండు సగాలు చేయాలి. ఒక సగానికి మీ సంఘం ప్రార్థన చేయాలి. రెండో సగం పేర్లు మనసులో కూడా తలుచుకోకూడదు. చివరికి ఎవరెలా ఉన్నారో చూడాలి. తేడా కనిపించలేదనుకో, దేవుడు లేడనా, నీ పరీక్షకు కూర్చోనన్నాడనా? మా లెక్కల్లో ఆ రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ఇది మాకు చేతకాని పని.

పైగా రోగులకు చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే ఏదైనా చేయాలి. కాబట్టి ఈ ఆలోచన వదిలెయ్. బ్యూలా కోసం నువ్వు ఏడవాల్సినంత ఏడవలేదు. ముందు ఆ పని చెయ్యి.

అమ్మకు ఉప్పు తగ్గించమని చెప్పు.

నీ అక్క,
షారన్


ముత్తుకూరు,
జూలై 20

ప్రియమైన అక్కకు,

చేతకాదంటూనే ఎలా చేయాలో రాశావు. మొదలుపెట్టాను.

అమ్మ వెళ్లే డయాలసిస్ సెంటర్లో రోగులు ప్రార్థన చేయమని నాకు పేర్లు ఇస్తుంటారు, హిందువులు కూడా. ఆ పేర్లతోనే చీట్లు రాసి సగం తీశాను. వాళ్ల కోసం సంఘం రోజూ ప్రార్థన చేస్తోంది. మిగిలిన పేర్లు ఎవరికీ చెప్పలేదు, నేనూ చేయడం లేదు. కావలసినవాళ్లను పక్కన పెట్టుకుంటే అది పరీక్ష కాదు గనుక ఎవరినీ మినహాయించలేదు. క్రిస్మస్ దాకా చూస్తాను.

టైటస్


చెన్నై,
ఆగస్టు 11

ప్రియమైన తమ్ముడికి,

ఆపు. ప్రార్థన చేస్తావని నమ్మి పేరిచ్చిన మనిషికి చేయకుండా ఉండటం మోసంరా. దాన్ని ఏ సైన్సూ ఒప్పుకోదు.

ఎవరినీ మినహాయించలేదన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. నిన్న అమ్మ ఫోన్‌లో, "అబ్బయ్య నా తల మీద చెయ్యి పెట్టటం మానేసినాడు. ఏదో పనుల్లో ఉండాడులే" అంది. నాన్న పోయినప్పటి నుంచి నువ్వు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తేగాని అమ్మ ఆసుపత్రి ఆటో ఎక్కేది కాదు. అమ్మ చీటీ ఎటు పడింది? నా ఫోన్ ఎందుకు ఎత్తవు? వెంటనే రాయి.

షారన్


ముత్తుకూరు,
అక్టోబరు 14

ప్రియమైన అక్కకు,

అమ్మను సమాధి చేసిన రోజు నువ్వు అడిగితే, వచ్చినవాళ్లను సాగనంపే నెపంతో తప్పించుకున్నాను. అమ్మ చీటీ రెండో సగంలో ఉంది.

దాన్ని మొదటి సగంలోకి మార్చబోయాను. అలా చేస్తే జవాబుకు భయపడినట్టే అనిపించింది. అంత ప్రార్థన చేసినా బ్యూలా పోయిందే, చేయకపోతే ఏమవుతుందో చూద్దామన్న కసి కూడా ఉంది. దేవుడి మీది ఆ కసి కన్నతల్లి మీద తీర్చుకున్నాను. నువ్వు ఆపమన్న ఉత్తరం అందింది. అప్పటికీ ఆపలేదు. చివరి రోజు ఊపిరందక అమ్మ నా చెయ్యి పట్టుకుని తన తల మీదికి లాక్కుంది. దిండు సర్దుతున్నట్టు సర్ది చెయ్యి తీసేశాను.

నిన్న అమ్మ దుప్పటి తెచ్చుకోవడానికి సెంటరుకు వెళ్లాను. పక్క మంచంలో ఉండే మాలకొండమ్మ, వెంకటాచలం ఊరామె, కూర్చోబెట్టి చెప్పింది. "మీ అమ్మ సూది గుచ్చినకాడి నుంచి తీసేదాకా మా అందరి పేర్లూ చెప్పుకుంటా ఉండేది అయ్యా. నీ గురించి కూడా అడుక్కోమ్మా అంటే, నాకు చేసేదానికి నా కొడుకు ఉండాడు అనేది. కడాకి ఆ మాటా మానేసింది. కోడలు పోయినకాడి నుంచి వాడు ప్రార్థన చేయలేకుండా ఉండాడు, నాకున్న ఊపిరంతా వాడికే అనింది."

నేను వదిలేసిన వాళ్లందరికీ అమ్మే ప్రార్థన చేసింది. నాకూ చేసింది. ఎవరూ చేయకుండా మిగిలిపోయింది అమ్మ ఒక్కతే.

ఆదివారం సంఘానికి ఏం చెప్పాలో తెలియడం లేదు.

టైటస్


చెన్నై,
అక్టోబరు 21

ప్రియమైన తమ్ముడికి,

కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. అది ఎలాగూ ఉంటుంది గనుక రాస్తున్నాను.

అమ్మ ఒక్కతే మిగిలిందని రాశావు. కాదు. నువ్వు ఫోన్ ఎత్తడం మానేసినప్పటి నుంచి, రోజూ పనికి వెళ్లే లోకల్ రైల్లో కూర్చుని అమ్మ పేరు చెప్పి అడుక్కున్నాను. ఎవరిని అడిగానో నాకు తెలియదు. సండేస్కూలు మాటలు సగమే గుర్తున్నాయి, వాటినే తిప్పి తిప్పి చెప్పాను. పక్కన కూర్చున్న ఆడవాళ్లు నేను పాఠం వల్లె వేస్తున్నాననుకుని ఉంటారు. అయినా అమ్మ పోయింది.

కాబట్టి నీ పరీక్షలో రెండో సగం ఏనాడూ లేదు. ఎంత వెతికినా అలాంటి సగం మనుషుల్లో దొరకదేమో. దేవుడి సంగతి ఏమీ తేలలేదు. తేలింది ఒకటే. తల మీద చెయ్యి లేదని అమ్మకు తెలిసింది. ఈ మాట నీకు నొప్పి పుట్టాలనే రాస్తున్నాను.

శనివారం నెల్లూరు వస్తున్నాను. బస్టాండుకు రా. ఆటో ఎక్కేముందు నా తల మీద చెయ్యి పెట్టు. మాటలు రాకపోతే ఊరికే పెట్టు. నీకు నమ్మకం మిగిలిందా అని నేను అడగను. నువ్వూ నన్ను అడగొద్దు.

నీ అక్క,
షారన్