బ్రేకు సామాను వచ్చిందంట

ఓబులేసూ,

కుక్కర్లో అన్నం ఉండాది, గిన్నెలో ఊరిబిండి ఉండాది. డ్యూటీ నుంచి రాంగానే తిను. నేను అల్ మవాలేలో మేడం వాళ్ళమ్మ ఇంటికి పనికి పోతాండా, మాపటికి వస్తా.

తిన్నంక కార్ల షోరూముకు పోయిరా. పొద్దున వాళ్ళు మీ అన్న నంబరుకు ఫోన్ చేసినారు. మీ అన్న తోలే కారుకు బ్రేకులో లోపమని కంపెనీ ఆ రకం కార్లన్నీ వెనక్కి పిలిచింది కదా, దానికి వేసే సామాను ఇప్పుడొచ్చిందంట. రేపు కారు తెమ్మన్నారు.

మీ అన్న ఎన్నిసార్లు పోయి అడిగినాడో నీకు తెలుసు. పోయినప్పుడల్లా సామాను రాలేదు, మెల్లగా తోలుకో, ఏమీ కాదు అని పంపించినారు. టీకి మాత్రం తక్కువ చెయ్యలేదు. మెల్లగానే తోలినాడు మీ అన్న. సలాలాకు పోయే ఎడారి దారిలో బ్రేకు పడలేదు. మనిషి దక్కలేదు.

ఆడ కొట్లాడొద్దు, నీ వీసా కూడా మనల్ని పనికి తెచ్చుకున్న ఈ కఫీల్ చేతిలోనే ఉండాది, గొడవైతే ఊరికి పంపించేస్తాడు. కారూ లేదు, తోలే మనిషీ లేడు, ఇంక ఫోన్ చెయ్యొద్దు అని చెప్పి గమ్మున వచ్చెయ్.

ఆ మాట నేనే చెప్పాల్సింది. ఇన్నేండ్లు ఇండ్లల్లో పనిచేసి, ఎవరు గట్టిగా మాట్లాడినా జీ సార్ అనడం అలవాటైపోయింది. తెస్తాడు సార్ అనేసినా.

మీ వదిన

మీ అన్న ఫోన్ చార్జింగులో పెట్టినా, తియ్యొద్దు. వాళ్ళు మొదట పెంచలయ్య ఉన్నాడా అని అడిగినారు. ఉన్నాడనే చెప్పినా.