వీడ్కోలు సభలో నా కన్నీళ్ళకు సంజాయిషీ

సూపరింటెండెంట్ గారికి, రికార్డుల గది గుమాస్తా నమస్కరించి రాసుకుంటున్న సంజాయిషీ.

అయ్యా, మొన్న మీ వీడ్కోలు సభలో రెండో వరసలో కూర్చుని ధారాపాతంగా కన్నీళ్ళు కార్చింది నేనే. "నా కోసం ఏడ్చేవాడు ఒక్కడున్నాడు, వీణ్ణి వదిలి ఎలా పోను?" అని మీరు మైకులో అని, మర్నాడే బదిలీ రద్దు చేయించుకున్నారు.

ఆ కన్నీళ్ళు కుంకుడుకాయవి. చుండ్రు, పేలు, జుట్టు రాలడం, అన్నిటికీ అదే మందంటుంది మా అమ్మమ్మ. పట్టుచీరలూ, మెడలో గొలుసూ కూడా ఆ నురగతోనే కడుగుతుంది. ఆ ఉదయం నాకు తలంటుతూ, "కళ్ళు తెరిచావో, చచ్చావురా!" అంటూనే ఉంది. మీ సభకు ఆలస్యమవుతుందేమోనని గడియారం చూడబోయి తెరిచాను.

అప్పట్నుంచి ఆఫీసులో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. "కొరివితో మా అందరి తలలూ గోకావు కదయ్యా!" అన్నారు హెడ్ గుమాస్తా గారు. ఎందుకన్నారో నాకు తెలియదు.

నమ్మకం లేకపోతే, ఇందుతో పన్నెండు కాయలు పంపుతున్నాను. గింజలు తీసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, పిసికి తలంటుకోండి. జుట్టు లేకపోయినా మంచిదేనని అమ్మమ్మ చెప్పమంది. ఆ కళ్ళతోనే వెళ్ళి బదిలీ మళ్ళీ అడగండి, పైవాళ్ళు కరిగిపోతారు.

ఇది రాస్తుండగానే బంట్రోతు వచ్చి, రేపట్నుంచి నా బల్ల మీ గదిలోనే వేయించమని మీరు అన్నారని చెప్పాడు.

ఇక్కడ సిరా అలుక్కుపోయింది, మన్నించండి. ఈరోజు నేను తలంటుకోలేదు.