గుంట రాసిన మొదటి పేజీ

కాసులమ్మా,

నువ్వు చదవవని తెలుసు. అయినా మనసు ఒకచోట నిలవక రాస్తన్నాను. నువ్వు పోయి ఇయాల్టికి ఏడాది. మన కూతురు, మన గుంట జమున, ఇయాలే కాలేజీలో పిల్లలకి మొదటి పాఠం చెప్పింది. కంప్యూటర్లో వెబ్ పేజీ ఎలా కట్టాలో నేర్పుతాదట. నువ్వుంటే సంతంతా తిరిగి చెప్పుకుందువు.

ఇంట్లో ఉండలేక, కొత్త సామల అన్నం అడ్డాకులో కట్టుకుని ఆటో ఎక్కేశాను. కొత్త పంట పోయిన పెద్దలకి పెట్టకుండా మనం ముట్టం కదా. గుంట మొదటి పేజీ కూడా ముందు నీకు పెట్టాకే పిల్లలకి చూపించాలని నా పట్టు. క్లాసు గుమ్మంలో అదే చెప్పాను.

"ఏటి నాన్నా, కంప్యూటర్ ముందు అన్నం పెడతావా? చీమలొస్తాయి. బయట కూకో" అంది.

వరండాలో కూకున్నాను, లేచాను, కిటికీ దగ్గరికెళ్లాను. ఇంతలో గోడ మీద పేజీ వెలిగింది. పెద్ద అక్షరాలతో నీ పేరు.

"ఎవరు మేడం?" అని ఒక పిల్ల అడిగింది.

"మా అమ్మ. మాకు ఏ కొత్తదైనా ముందు పెద్దలకే. మీరూ మీ పెద్దల పేరుతో మొదలెట్టండి."

అప్పుడే కరెంటు పోయింది. గోడ మీద నువ్వు లేవు. కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి తొంగి చూశాను.

"పోలేదు నాన్నా, కంప్యూటర్లో దాచాను" అని గుంట లోపల్నుంచి కేకేసింది.

కరెంటు వచ్చేదాకా పొట్లం విప్పలేదు. నీ పేరు మళ్లీ కనబడ్డాక కిటికీ గట్టు మీద నీకో ముద్ద పెట్టి, అప్పుడు తిన్నాను.